బెరడు మీద గుండీలు: పడమటి కనుమల బుల్లి ఆర్కిడ్ పోర్పాక్స్ జెర్డోనియానా

పోర్పాక్స్ జెర్డోనియానా పడమటి కనుమల తడి అడవుల్లో పెరిగే ఒక చిన్న ఆర్కిడ్. నేలలో పుట్టదు. చెట్ల బెరడు మీద, నాచు పట్టిన బండల మీద అతుక్కుని బతుకుతుంది. కర్ణాటక, కేరళ వైపు కొండల్లో ఇది కనిపిస్తుంది. పడమటి కనుమలు దాటితే ప్రపంచంలో మరెక్కడా తనంతట తాను పెరగదు. అంటే ఇక్కడ పోతే ఇక పోయినట్టే.

ఈ మొక్క గురించి మన పిల్లలకు ఎందుకు చెప్పాలి అంటే, దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, దీన్ని చూసినవాళ్ళు చాలామంది చెట్టుకు పట్టిన రోగం అనుకుంటారు. రెండోది, ముద్దుగా ఉంది కదా అని కొందరు గోటితో గీకి ఇంటికి తెచ్చుకుంటారు. రెండూ మొక్కకు చేటే. కొడగుకో, చిక్కమగళూరుకో, ఆగుంబెకో సెలవుల్లో వెళ్ళే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి కాబట్టి, వెళ్ళేముందు ఈ నాలుగు మాటలు చదివితే మంచిది.

చూడటానికి ఎలా ఉంటుంది?

ఆర్కిడ్ అనగానే పూలకొట్లో ఊదారంగు పూల కొమ్మ గుర్తొస్తుంది. పెళ్ళి మంటపాలకు కట్టేవి అవే. పోర్పాక్స్ అలా ఉండదు. ఎండాకాలంలో చూస్తే ఆకులే ఉండవు. బెరడుకు అతికించిన చొక్కా గుండీల్లాంటి చపటా బుడిపెలు గుంపుగా కనిపిస్తాయి, అంతే. ఒక్కో బుడిపె అడ్డంగా ఒక సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది. దాని మీద సన్నటి వలలాంటి పొర కప్పి ఉంటుంది. దూరంనుంచి చూస్తే బెరడు మీద మచ్చలు అనిపిస్తుంది.

ఆ బుడిపె నిజానికి మొక్క కాడే. నీళ్ళు, ఆహారం దాచుకోవడానికి అలా ఉబ్బి, చపటాగా మారింది. మన ఇంట్లో అల్లం, పసుపు కొమ్ములు మట్టిలో ఆహారం దాచుకుంటాయి కదా, ఇది చెట్టు మీద దాచుకుంటుంది. ఎండిన నెలల్లో ఈ నిల్వ మీదే మొక్క కాలం గడుపుతుంది.

వానలు మొదలయ్యాక అసలు సంగతి తెలుస్తుంది. జూన్, జూలై నెలల్లో బుడిపె నెత్తిమీదనుంచి ఒక చిన్న పువ్వు వస్తుంది. రంగు ఇటుక ఎరుపు. మామూలుగా ఆర్కిడ్ పువ్వుకు బయట మూడు రక్షక పత్రాలు, లోపల మూడు ఆకర్షణ పత్రాలు ఉంటాయి. లోపలి మూడింట్లో ఒకటి వేరే ఆకారంలో ఉంటుంది. దాన్ని పెదవి అంటారు. పోర్పాక్స్‌లో బయటి మూడు రక్షక పత్రాలూ ఒకదానికొకటి అతుక్కుని చిన్న గొట్టంలా తయారవుతాయి. మిగతావన్నీ ఆ గొట్టంలోపల దాక్కుంటాయి. అందుకే మొదటిసారి చూసినవాళ్ళు ఇది ఆర్కిడ్ అంటే నమ్మరు. కొత్త బుడిపెకు రెండే రెండు ఆకులు వస్తాయి. వానాకాలమంతా అవి ఆహారం తయారుచేసి, తడి ఆరేకొద్దీ రాలిపోతాయి. మళ్ళీ గుండీలే మిగులుతాయి.

బదనిక కాదు

చెట్టు మీద పెరిగే మొక్క ఏదైనా సరే, మన అవ్వలు, తాతలు బదనిక అనేస్తారు. కన్నడంలో బందళికె అంటారు, మీరు వినే ఉంటారు. మామిడిచెట్టు కొమ్మల్లో ఎర్రటి గొట్టంపూలతో గుబురుగా పెరిగేది అసలైన బదనిక. అది కొమ్మలోపలికి తన వేళ్ళు దించి చెట్టు నీళ్ళను, లవణాలను లాగేస్తుంది. బాగా పట్టితే కొమ్మ ఎండిపోతుంది. రైతులు దాన్ని కొట్టేయడంలో న్యాయం ఉంది.

ఆర్కిడ్ అలాంటిది కాదు. దాని వేళ్ళు బెరడు పైన పట్టు కోసం పాకుతాయి గానీ లోపలికి దిగవు. చెట్టు రసం ఒక్క చుక్క తాగవు. కాబట్టే పాఠ్యపుస్తకాల్లో బదనికను పరాన్నజీవి అనీ, ఆర్కిడ్‌ను వృక్షోపజీవి అనీ విడిగా చెబుతారు. పరాన్నజీవి ఇంట్లో దూరి కుండలో కూడు తినేది. వృక్షోపజీవి అరుగు మీద కూర్చుని తన సద్ది తాను తినేది. పోర్పాక్స్ బండరాయి మీద కూడా పెరుగుతుందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. రాయిలో తాగడానికి రసం ఎక్కడుంది? బండ మీద బతకగలిగిన మొక్క చెట్టును దోచుకుంటోందని అనుకోవడానికి లేదు.

అయితే తప్పంతా పెద్దవాళ్ళది అనలేం. మాటలోనే చిక్కుంది. తెలుగునాట పాత చెట్ల మీద పెరిగే వాండా అనే ఆర్కిడ్‌ను కూడా కొన్నిచోట్ల బదనిక అనే పిలుస్తారు. ఒకే పేరు దోచుకునేదానికీ, ఊరికే కూర్చునేదానికీ వచ్చింది. కన్నడంలో మాత్రం నక్కతోక ఆర్కిడ్‌కు సీతాళె దండె అని అందమైన పేరు ఉంది. మన పిల్లలకు రెండు భాషలూ వచ్చు కాబట్టి, ఆర్కిడ్ కనిపించినప్పుడు బదనిక అనకుండా సీతాళె అన్నా నష్టం లేదు.

మట్టి లేకుండా ఎలా బతుకుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు వేళ్ళలో ఉంది. చెట్ల మీద పెరిగే ఆర్కిడ్ వేరును కోసి భూతద్దంలో చూస్తే చుట్టూ తెల్లటి స్పంజిలాంటి పొర కనిపిస్తుంది. దాని పేరు వెలామెన్. అందులో ఉన్నవి చచ్చిపోయిన ఖాళీ కణాలు. వాన చినుకు పడగానే, మంచు తాకగానే ఆ ఖాళీలు నీళ్ళు పీల్చుకుంటాయి. పొడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపించే వేరు తడిసినప్పుడు ఆకుపచ్చగా మారుతుంది. లోపలి ఆకుపచ్చ కణాలు అప్పుడు పైకి కనిపిస్తాయన్నమాట.

ఇక లవణాల సంగతి. బెరడు మీద కారే వాననీళ్ళలో దుమ్ము, రాలిన ఆకుల పొడి, పురుగుల విసర్జన కొంచెం కొంచెం కలిసి ఉంటాయి. నాచు వాటిని పట్టి ఉంచుతుంది. ఆ కాస్త ఎరువే పోర్పాక్స్‌కు చాలు. నాచు ఇంకో మేలు కూడా చేస్తుంది. వాన వెలిసిన తరవాత కూడా గంటలకొద్దీ తడిని ఆపుతుంది. కాబట్టి ఈ మొక్కకు ఒట్టి చెట్టు చాలదు. నాచు పట్టిన చెట్టు కావాలి. నాచు పట్టాలంటే నీడ, మంచు, తేమగాలి కావాలి. పడమటి కనుమల్లో ఇవన్నీ దొరుకుతాయి. ఆగుంబెలో ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. బెంగళూరులో పడేది 1,000 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ. ఈ ఒక్క లెక్క చూస్తే చాలు, అక్కడి మొక్క మన బాల్కనీలో ఎందుకు బతకదో తెలిసిపోతుంది.

దుమ్ములాంటి విత్తనం

శెనగ గింజను తడిగుడ్డలో కడితే మొలక వస్తుంది. ఎందుకంటే ఆ గింజలోనే మొలకకు కావలసిన తిండి ఉంది. ఆర్కిడ్ విత్తనంలో అది ఉండదు. గింజ దుమ్ముకణమంత ఉంటుంది. ఒక్కో కాయలో వేలకొద్దీ, కొన్ని ఆర్కిడ్లలో లక్షలకొద్దీ గింజలుంటాయి. గాలికి ఎగిరిపోతాయి. ఎక్కువ భాగం వృథా అవుతాయి.

మొలవాలంటే ఒక గింజ సరైన బెరడు మీదో బండ మీదో పడాలి. అక్కడ తడి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ ఒక రకం బూజు, అంటే శిలీంధ్రం, ముందే కాపురం ఉండాలి. ఆ శిలీంధ్రం గింజలోపలికి చేరి దానికి తిండి పెడుతుంది. అప్పుడు గానీ మొలక రాదు. ఈ సంగతిని 1899లో ఫ్రాన్స్‌కు చెందిన నోయెల్ బెర్నార్ అనే యువ వృక్షశాస్త్రవేత్త కనిపెట్టాడు. అంతకుముందు తోటమాలులు ఆర్కిడ్ గింజలు చల్లి, మొలవక, కారణం తెలియక విసిగిపోయేవాళ్ళు.

మొలిచినా అక్కడితో అయిపోలేదు. ఆర్కిడ్లు నిదానంగా పెరిగే మొక్కలు. మొదటి పువ్వు చూడటానికి ఏళ్ళు పడుతుంది. మీరు చెట్టు మీద చూసే గుండీల గుంపు ఎన్నో వానాకాలాల పెంపకం. గీకేయడానికి పట్టేది మాత్రం ఒక్క నిమిషం.

పేరు వెనక ఉన్న మనుషులు

పోర్పాక్స్ అనేది గ్రీకు మాట. డాలు పట్టుకునే పిడి అని అర్థం. 1845లో ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త జాన్ లిండ్లే ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టాడు. మన మొక్కను మొదట వర్ణించింది మాత్రం రాబర్ట్ వైట్. ఆయన ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా 1819లో మద్రాసు రాజధానికి వచ్చి, వైద్యం కన్నా మొక్కల మీదే ఎక్కువ కాలం పనిచేశాడు. ఈ ఆర్కిడ్‌కు ఆయన పెట్టిన పేరు లైకెనోరా జెర్డోనియానా. పేరులోనే లైకెన్ ఉంది. మన అమ్మలు మసాలాలో వేసే రాతిపువ్వు ఒక లైకెనే. తరవాత క్యూ తోటల్లో పనిచేసిన రోల్ఫ్ దీన్ని పోర్పాక్స్ ప్రజాతిలోకి మార్చాడు.

మరి జెర్డన్ ఎవరు? థామస్ జెర్డన్ కూడా కంపెనీ డాక్టరే. 1811లో పుట్టి 1872లో చనిపోయాడు. పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ పేరున్నది. కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నాడు. అక్కడి యానాదుల దగ్గరే పక్షుల పేర్లు, అలవాట్లు చాలా తెలుసుకున్నాడు. కడప అడవుల్లో దొరికే కలివికోడి గురించి పుస్తకాల్లో చదివి ఉంటారు. దాని ఇంగ్లీషు పేరులో ఉన్న జెర్డన్ ఈయనే. ఆ పక్షి ఇక లేదనుకున్న తరవాత 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడింది. అంటే కొడగు వైపు కొండల బుల్లి ఆర్కిడ్‌కూ, కడప ముళ్ళపొదల కలివికోడికీ ఒకే మనిషి పేరు. రెండూ తమ చోటు తప్ప మరోచోట బతకలేనివే.

ఇంకో ఇద్దరిని కూడా తలుచుకోవాలి. వైట్ 1838 నుంచి 1853 దాకా ఆరు సంపుటాల్లో 2,000కు పైగా మొక్కల బొమ్మలు అచ్చువేయించాడు. ఆయన దగ్గర బొమ్మలు వేసినవాళ్ళలో ముఖ్యులు మన దక్షిణాది చిత్రకారులు. మొదట రంగయ్య, 1845 ప్రాంతంనుంచి గోవిందు. ఈ పేర్లు మన ఇళ్ళల్లో వినేవే. పువ్వును విప్పి, లోపలి భాగాలను పెద్దవిగా చేసి, కొలత తప్పకుండా గీయడం వాళ్ళ పని. గోవిందు మీద గౌరవంతో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు పెట్టాడు. తరవాతి శాస్త్రవేత్తలు ఆ మొక్క ట్రోపీడియా అనే ప్రజాతికి చెందిందని తేల్చడంతో ఆ పేరు వాడుకలోంచి పోయింది. అయినా పాత పుస్తకాల్లో ఉంది. డ్రాయింగు బాగా వేసే పిల్లలకు ఈ సంగతి చెప్పండి. సైన్సులో పేరు రావడానికి శాస్త్రవేత్తే కానక్కర్లేదు.

ముప్పు ఎక్కడినుంచి?

ప్రపంచంలో దాదాపు 28,000 రకాల ఆర్కిడ్లున్నాయి. మనదేశంలో 1,250 దాకా ఉన్నాయి. అన్నిటికీ ఒకేలాంటి కష్టాలే. మొదటిది అడవి తగ్గిపోవడం. ఒక పెద్ద చెట్టు కొడితే దాని మీద బతికే వందల మొక్కలూ పడిపోతాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు నీడ పోయి నాచు ఎండుతుంది. చెట్టు నిలబడే ఉన్నా దాని మీద పోర్పాక్స్ ఉండదు.

రెండోది కాఫీ తోటల్లో వస్తున్న మార్పు. పాత తోటల్లో కాఫీకి నీడగా అడవి చెట్లనే ఉంచేవాళ్ళు. ఆ గరుకు బెరడు మీద నాచు, ఫెర్న్‌లు, ఆర్కిడ్లు హాయిగా పెరిగేవి. ఇప్పుడు చాలాచోట్ల ఆస్ట్రేలియానుంచి వచ్చిన సిల్వర్ ఓక్ వేస్తున్నారు. అది తొందరగా పెరుగుతుంది, కలప అమ్ముకోవచ్చు, మిరియాల తీగ పాకించుకోవచ్చు. రైతు లెక్క రైతుది, కాదనలేం. కానీ తోటలో నాలుగు పాత చెట్లు వదిలినా ఈ చిన్న మొక్కలకు చోటు మిగులుతుంది.

మూడోది మనం. మొక్కను గీకి తెచ్చి కుండీలో పెట్టేవాళ్ళు. తెచ్చిన రోజు బాగానే ఉంటుంది, ఎందుకంటే బుడిపెలో నిల్వ ఉంది. ఆ నిల్వ ఉన్నన్నాళ్ళూ బతికినట్టే కనిపించి, తరవాత ముడుచుకుపోతుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే కుళ్ళుతుంది, తక్కువ పోస్తే ఎండుతుంది. దానికి కావలసింది నీళ్ళు ఒక్కటే కాదు, ఆ నాచు, ఆ మంచు, ఆ నీడ. వాటిని మనం సంచిలో వేసుకుని తేలేం.

చట్టం కూడా ఉంది. జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో మొక్కల్ని తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద మొత్తం ఆర్కిడ్ కుటుంబమే ఉంది. అనుమతి లేకుండా అడవి ఆర్కిడ్లను దేశం దాటించడానికి వీల్లేదు.

చూడబోయినప్పుడు

పోర్పాక్స్‌ను వెతకడానికి మంచి సమయం వాన మొదలైన నెల. కొత్తవాళ్ళు పైకొమ్మలవైపే చూస్తారు. మీ కళ్ళ ఎత్తులో ఉన్న బెరడు, దారిపక్క నాచు బండలు చూడండి. మెల్లగా నడవండి. చేతిలో ఒక భూతద్దం ఉంటే మేలు. కనిపిస్తే ఇలా చేయండి.

ముట్టుకోవద్దు. గోరు తగిలితే నాచు ఊడుతుంది, నాచుతోపాటు వేరు ఊడుతుంది.

పక్కన ఒక రూపాయి బిళ్ళ పట్టుకుని ఫోటో తీయండి. మొక్క ఎంత చిన్నదో తరవాత చూసేవాళ్ళకు తెలుస్తుంది.

నోటుబుక్కులో నాలుగు సంగతులు రాయండి: తేదీ, చెట్టా బండా, నాచు ఉందా లేదా, పువ్వు ఉందా లేదా. బొమ్మ కూడా వేయండి. ఫోటోలో కనిపించనివి బొమ్మ వేసేటప్పుడు కంటికి కనిపిస్తాయి.

ఫోటో అందరికీ పంపేటప్పుడు ఏ ఊరు, ఏ దారి, ఏ చెట్టు అని వివరంగా చెప్పొద్దు. అమ్ముకోవడానికి వెతికేవాళ్ళు కూడా ఫోటోలు చూస్తారు. మీ సైన్సు టీచరుకు మాత్రం చెప్పండి.

విరిగిపడిన కొమ్మ మీద ఆర్కిడ్ కనిపిస్తే ఇంటికి తేవొద్దు. తోటవాళ్ళకో, అటవీ సిబ్బందికో చూపించండి. ఆ కొమ్మను దగ్గర్లోని చెట్టు పంగలో నీడన పెడితే మొక్క నిలదొక్కుకునే అవకాశం ఉంటుంది.

ఇంట్లో ఆర్కిడ్ పెంచాలని నిజంగా ఇష్టముంటే నర్సరీలో పెంచిన డెండ్రోబియం మొక్క కొనుక్కోండి. అది కుండీ కోసమే పెంచింది. బొగ్గుముక్కలు, కొబ్బరిపీచులో చక్కగా బతుకుతుంది. బాగా చూసుకుంటే ఏటా పూస్తుంది.

గుర్తుంచుకోవలసిన మాటలు

వృక్షోపజీవి: చెట్టు మీద చోటు మాత్రమే తీసుకుని, తన తిండి తానే తయారుచేసుకునే మొక్క.

పరాన్నజీవి: వేరే జీవినుంచి తిండి, నీళ్ళు లాగి బతికేది. బదనిక ఇందుకు ఉదాహరణ.

వెలామెన్: ఆర్కిడ్ వేరు మీద నీళ్ళు పీల్చే స్పంజిలాంటి పొర.

శిలీంధ్రం: బూజు, పుట్టగొడుగుల జాతి. ఆర్కిడ్ గింజ మొలకెత్తడానికి దీని సాయం కావాలి.

లైకెన్: శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి. రాతిపువ్వు ఇందుకు ఉదాహరణ.

స్థానిక జాతి: ఒక్క ప్రాంతంలోనే సహజంగా దొరికే జీవి. పోర్పాక్స్ జెర్డోనియానా పడమటి కనుమల స్థానిక జాతి.

ఈ వ్యాసాన్ని ఇంట్లో అవ్వకో తాతకో చదివి వినిపించండి. వాళ్ళ చిన్నతనంలో చెట్ల మీద చూసిన మొక్కల పేర్లు అడగండి. ఏది బదనిక, ఏది కాదు అని ఇద్దరూ కలిసి తేల్చండి. వాళ్ళు చెప్పిన పేర్లు రాసి తరగతికి తెస్తే, పుస్తకాల్లో లేని మాటలు కొన్నయినా మనకు మిగులుతాయి.